నకిలీ భాష అన్నది ఎవరు?

ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని అడిలైడ్ నగరం కౌర్నా అనే ఆదివాసీ ప్రజల నేల. 1836లో బ్రిటిష్ వాళ్లు అక్కడ వలస రాజ్యం పెట్టారు. వందేళ్లు తిరక్కముందే, కౌర్నా మాట్లాడే చివరి మనిషిగా పేరుపడ్డ ఇవారిచి అనే వృద్ధురాలు 1929లో కన్నుమూసింది. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు పండితులు ఆ భాషను చచ్చిన భాషల పద్దులో రాసేసుకున్నారు. అలాంటి భాష ఇవాళ బడిలో, పాటలో, సభల్లో మళ్లీ వినబడుతోంది. అది ఎట్లా సాధ్యమైందో చెప్పే పుస్తకం, భాషాశాస్త్రవేత్త రాబ్ ఏమరీ రాసిన 'వర్రబర్న కౌర్నా'. 2000లో మొదటిసారి వచ్చింది. సవరించిన ముద్రణ 2016లో వచ్చింది. కౌర్నా మాట వినబడనీ అని ఆ పేరుకు అర్థం.

ఈ పుస్తకంలో నన్ను బాగా ఆపేసింది పాత కాగితాల కథ. 1838లో టైఖెల్మన్, షూర్మన్ అనే ఇద్దరు జర్మన్ లూథరన్ మిషనరీలు అడిలైడ్‌లో దిగారు. వచ్చింది మతం మార్చడానికే, అందులో దాపరికం లేదు. కానీ మార్చాలన్నా వాళ్ల భాష రావాలి కదా! 1839 చివర్లో పిల్తావొడ్లి అనే చోట బడి పెట్టి పిల్లలకు కౌర్నాలోనే చదువు చెప్పారు. 1840లో వ్యాకరణం, సుమారు 2000 మాటలు, 200 వాక్యాలు కలిపి అచ్చు వేశారు. 1845లో గవర్నర్ గ్రే హయాంలో ఆ బడి మూతపడింది. పిల్లల్ని ఇంగ్లీషు మాత్రమే చెప్పే బడికి తోలేశారు. 1857లో టైఖెల్మన్ తయారుచేసిన మరో పదకోశం రాతప్రతి, చిత్రంగా, అదే గ్రే చేతికి చేరి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ గ్రంథాలయంలో పడింది. బడి మూసిన పాలకుడి బీరువాలో ఆ జాతి మాటలు భద్రంగా ఉన్నాయి! తమ ముత్తాతల భాష కోసం కౌర్నా ప్రజలు ఇవాళ మిషనరీ రాతల్నే తిరగెయ్యాలి. ఇంతకన్నా అవమానం ఏముంది అనిపిస్తుంది. కానీ చెప్పిన నోళ్లు కౌర్నా వాళ్లవే. రాసిన చెయ్యి మాత్రమే జర్మన్ వాడిది. ఏమరీ ఈ తేడాను గుర్తించాడు, అది అతని పుస్తకానికి బలం.

1990లో పాటలతో పని మొదలైంది. 1992 నుంచి కౌర్నా ప్లెయిన్స్ బడిలో పాఠాలు మొదలయ్యాయి. ఆ బడిని నడిపిన అలిత్య రిగ్నీ, పెద్దమనిషి లూయిస్ ఓబ్రయన్ లాంటి వాళ్లు ముందుండి నడిపించారు. 2002లో 'కౌర్నా వర్ర పింత్యాంతి' అనే బృందం ఏర్పడింది. వర్ర అంటే భాష, పింత్యాంతి అంటే సృష్టించడం. పాత మాటల్ని ఏరుకోవడంతో సరిపెట్టకుండా సృష్టిస్తామని పేరులోనే చెప్పుకున్నారు. కంప్యూటర్‌కి 'ముకర్న్‌తు' అన్నారు, అంటే మెదడూ మెరుపూ కలిసిన మాట. పెద్ద అంకెలకు పాత పేర్లు దొరకలేదు. అప్పుడు ఇంట్లో ఎన్నో సంతానమైతే ఆ వరసను బట్టి పెట్టే పాత పేర్లను విడదీసి అంకెలు కట్టారు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుచుకునే మనకి ఈ ఉపాయం ఇట్టే అర్థమవుతుంది.

ఇక్కడే శుద్ధివాదులు లేస్తారు. ఇది అసలు కౌర్నా కాదు, ఉచ్చారణలో ఇంగ్లీషు వాసన ఉంది, సగం మాటలు కొత్తవి, ఇది నకిలీ భాష అంటారు. జవాబు, దుకాణం, వకీలు, దస్తావేజు అన్నీ పరాయి భాషల నుంచి తెచ్చుకున్న తెలుగును ఎవరైనా నకిలీ అన్నారా? బలం ఉన్న భాష అప్పు తెస్తే అభివృద్ధి, నాలుక కోయించుకున్నవాళ్లు తెస్తే కల్తీ!

ఈ తీర్పు మనకి కొత్త కాదు. ఉర్దూ పత్రికకు రాస్తే నా దక్కనీ మాటను కొట్టేసేవాళ్లు, తెలుగు పత్రికకు రాస్తే మా ఇంటి తెలుగును కొట్టేసేవాళ్లు. ఎర్రసిరా ఇద్దరిదీ ఒకటే. 'హౌ', 'నక్కో' వినగానే ఉత్తరాది ఉస్తాదుకు నవ్వు, మన తెలుగు వినగానే పండితుడికి తౌరక్యాంధ్రం. ఇక తరాలుగా తెలుగే ఇంటి భాష అయిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలను ఉర్దూ రాదు కాబట్టి నువ్వేం ముస్లింవి అని నిలదీసేది సాటి ముస్లింలే. అయితే మన బాధ, కౌర్నా వాళ్ల బాధ ఒకటే అని నేను అనను. ఉర్దూకి బళ్లున్నాయి, పత్రికలున్నాయి, కోట్ల నోళ్లున్నాయి. వాళ్లకి ఒక్క నోరు కూడా మిగల్లేదు. కానీ ఒకటి అడుగుతాను. ముత్తాతల భాషలో ఒక్క మాట రాని రోజుల్లో కూడా వాళ్లు కౌర్నాలు కాకుండా పోయారా? పోలేదు కనకే భాష కోసం తిరిగి వెళ్లారు. మరి ఉర్దూ రాని దూదేకుల మనిషి అస్తిత్వాన్ని మనం ఏ తూనికరాళ్లతో తూస్తున్నాం?

ఏమరీ పుస్తకంతో నాకు పేచీ లేకపోలేదు. ఎన్ని పేర్లు చెప్పినా కథ చెప్పే గొంతు చివరిదాకా కౌర్నా కాని పండితుడిదే. టాస్మానియా ఆదివాసులు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. అనేక భాషల శకలాల నుంచి కట్టుకున్న 'పలవా కని' ముందు మాకే చెందుతుందని, 2012లో వికీపీడియా నుంచి దాని పేజీని తీసెయ్యమని అడిగారు. జ్ఞానం అందరిదీ కదా అనే లౌకిక మిత్రులకు ఇది సంకుచితంగా తోచవచ్చు. అన్నీ పోగొట్టుకున్నవాడు మిగిలిన ఒక్క గదికి తాళం పెట్టుకుంటే నాకు తప్పుగా తోచదు.

రెండో పేచీ భూమి గురించి. బోర్డు మీద పేరు రాయడానికి ప్రభుత్వానికి పెద్దగా ఖర్చు కాదు. ఏమరీ పుస్తకం తొలిసారి వచ్చిన 2000లోనే కౌర్నా ప్రజలు భూమి హక్కు కోసం కోర్టుకెక్కారు. 2018లో తేలింది. గుర్తింపు దక్కింది కొద్దిపాటి ఖాళీ స్థలాల మీదే. అడిలైడ్ నడిబొడ్డున ఉన్న విక్టోరియా చౌరస్తాకి ఎర్ర కంగారూ పేరుమీద తార్న్‌తన్యంగ్గ అనే కౌర్నా పేరు కూడా పెట్టారు. రాణిగారి విగ్రహం ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.