బుడగ గోడలో ఒక పెంకు

జ్వాలాపురం బూడిదను చిటికెడు తీసి గాజు పలక మీద చల్లి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. బూడిద అనదగ్గ రేణువు ఒక్కటీ కనబడలేదు. అన్నీ గాజు పెంకులే. కొన్ని నీళ్లంత తేటగా, పలచని రేకుల్లా ఉన్నాయి. కొన్ని పగిలిన గాజుల ముక్కల్లా వంపు తిరిగాయి. కొన్నిటికి మూడేసి కొమ్ములున్నాయి.

ఆ వంపు దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఈ పెంకుల్లో ప్రతిదీ ఒకప్పుడు ఒక బుడగకు గోడ. మూడు బుడగలు ఒకదాన్నొకటి ఆనుకున్న మూల విరిగితే మూడు కొమ్ముల పెంకవుతుంది. బుడగలు పోయాయి, వాటి గుండ్రదనం మాత్రం గాజులో నిలిచిపోయింది.

జ్వాలాపురం నంద్యాల జిల్లాలో, బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో ఉంది. పేరులో జ్వాల ఉన్నా ఆ చుట్టుపక్కల అగ్నిపర్వతమేదీ లేదు. ఈ గాజు 2,600 కిలోమీటర్ల అవతల, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు పుట్టింది. ఆ పేలుడులో 2,800 ఘన కిలోమీటర్ల శిలాద్రవం బయటపడిందని ఒక అంచనా. ఇక్కడ ఆకాశం నుంచి నేరుగా రాలిన పొర కొన్ని సెంటీమీటర్లే. మిగతాదంతా వాననీళ్లు వాలుల మీంచి కడిగి తెచ్చి లోయలో పేర్చినది. కొన్నిచోట్ల అది రెండు మీటర్లు దాటింది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది.

కరిగిన రాయి అనగానే మా విశాఖవాళ్లకు స్టీల్ ప్లాంట్ మనసులో మెదులుతుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి, ఇనుము తీశాక మిగిలే స్లాగ్ దాదాపు 1,500 డిగ్రీల వేడితో గంజిలా జారుతుంది. దానిమీద నీటి ధారలు కొడితే స్ఫటికాలు కట్టే వ్యవధి లేక, క్షణంలో గాజు ఇసుకైపోయి సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. టోబా గాజు కూడా అలా హఠాత్తుగా చల్లారినదే. అయితే టోబా శిలాద్రవం వేడి స్లాగ్ వేడిలో సగమే. పైగా స్లాగ్‌లో సిలికా మూడో వంతు ఉంటే, టోబా శిలాద్రవంలో ముప్పాతిక వంతు. సిలికా అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులల్లుకుంటాయి. అందుకే అది గంజిలా పారదు, ముదురు పాకంలా సాగుతుంది.

అంత చిక్కని ద్రవంలో నీళ్లు కూడా కరిగి ఉంటాయి. కిలోమీటర్ల లోతున పైనున్న రాళ్ల బరువు ఆ నీటిని అణిచి ఉంచుతుంది. శిలాద్రవం పైకి వస్తున్నకొద్దీ ఆ బరువు తగ్గి నీరు ఆవిరి బుడగలవుతుంది. కరిగి ఉన్న వాయువు ఎంత పని చేస్తుందో ఉక్కు పోసేవాళ్లకు బాగా తెలుసు. ఉక్కు గడ్డకట్టేటప్పుడు అందులోని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి వాయువైతే లోపల బొక్కలు పడతాయి. అందుకే పోతకు ముందే అల్యూమినియం, ఫెర్రోసిలికాన్ వేసి ఆక్సిజన్‌ను కట్టేస్తారు. శిలాద్రవానికి అలా కట్టేసేవాళ్లు లేరు.

పలచని శిలాద్రవంలోనైతే బుడగలు పైకి తేలి దారి చూసుకుంటాయి. చిక్కనిదానిలో అవి కదలలేవు, ఉన్నచోటే ఉబ్బుతాయి. చిక్కబడ్డ రాగి అంబలి చేతిమీద తుప్పర్లు చిమ్మేది ఇందుకే. శిలాద్రవం పైకి వచ్చే నాళంలో బుడగల పాలు ముప్పాతిక వంతుకు చేరేసరికి అది ద్రవం కాదు, నురుగు. పైకి వెళ్లేకొద్దీ ఆవిరి వ్యాకోచిస్తుంది, ఆ తోపుడికి నురుగు వేగం పుంజుకుంటుంది. ఆ వేగానికి తగ్గట్టు సాగలేక గోడలు పుటుక్కున తెగిపోతాయి. అంతవరకూ బుడగల్ని పట్టి ఉంచిన ద్రవం ఒక్కసారిగా తిరగబడి, ఆవిరి మోసుకుపోయే పెంకులవుతుంది. అగ్నిపర్వతం పేలడమంటే ఇదే. నిప్పుకు ఇందులో పాత్రే లేదు.

గోడ పలచనైనకొద్దీ పెంకు తేలిక. రేకులా ఉన్నది గాలిలో ఆలస్యంగా దిగుతుంది. బంగాళాఖాతం దాటి కర్నూలు సీమ దాకా రాగలిగిన గాజు అలాంటిదే. దారిలో రాలినది సముద్రం అడుగున మట్టిలో పొరగా ఉంది.

పలకను కొంచెం జరిపాను. ఒక పెంకు మధ్యలో, గోడ మందంలోనే, సూదిమొన కన్నా చిన్న బుడగ ఒకటి చెక్కుచెదరకుండా కనబడింది. అది ఉబ్బేలోపే చుట్టూ గాజు గట్టిపడిపోయింది.