వాగులో చేపల లెక్క

చేపలు తగ్గాయంటే హేచరీలో పెంచి తెచ్చి వదలాలి. అమెరికాలో చాలా ఏళ్లు ఇదే నమ్మకం. మోంటానా రాష్ట్రంలోని ఎన్నిస్ ఊరి దగ్గర మాడిసన్ నదిలోనూ, అందులో కలిసే ఓడెల్ క్రీక్ అనే ఊటవాగులోనూ డిక్ విన్సెంట్ అనే చేపల శాస్త్రవేత్త 1960ల చివర్లో ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. హేచరీ చేపలు వదులుతున్న మాడిసన్ భాగంలో వదలడం ఆపించాడు. అంతవరకూ వదలని ఓడెల్‌లో వదిలించాడు. రెండుచోట్లా ఏటా చేపల్ని లెక్కించారు.

పారే నీటిలో చేపల్ని లెక్కించడం ఓపికతో కూడిన పని. నీళ్లలోకి కొద్దిగా కరెంటు పంపుతారు. చేప ధన ధ్రువం వైపు ఈదుకొచ్చి కాసేపు స్పృహ తప్పుతుంది. చేతివలతో ఎత్తి తొట్టిలో వేస్తారు. పొడవు, బరువు రాసుకుంటారు. నాలుగు పొలుసులు గీకి తీస్తారు, వాటి మీది వలయాలను బట్టి వయసు తెలుస్తుంది. రెక్క అంచు కొంచెం కత్తిరించి గుర్తు పెట్టి, పట్టినచోటే వదిలేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వస్తారు. ముందు 100 చేపలకు గుర్తు పెట్టారనుకుందాం. రెండోసారి పట్టిన 80లో 20కి గుర్తు ఉంటే, అక్కడ మొత్తం సుమారు 400 ఉన్నట్టు. చిన్న చేపలు కరెంటుకు అంతగా దొరకవు కాబట్టి సైజుల వారీగా విడివిడిగా లెక్క కడతారు. హేచరీ చేపను అనుభవం ఉన్నవాళ్లు చూడగానే గుర్తుపడతారు: సిమెంటు తొట్లలో రాసుకుని దాని రెక్కలు అరిగిపోయి ఉంటాయి.

మాడిసన్‌లో వదలడం ఆపాక అక్కడే పుట్టి పెరిగే ట్రౌట్ అనే చేపల సంఖ్య బాగా పెరిగింది. ఓడెల్‌లో వదిలాక బ్రౌన్ ట్రౌట్ తగ్గింది. వాగులో పుట్టిన చేపకు తన చోటు, తన మేత దారి ఉంటాయి. గుంపుల్లో పెరిగిన కొత్త చేపలు వచ్చిపడితే ఆ కుదురు చెదురుతుంది. వచ్చినవీ ఎక్కువకాలం బతకవు. కారణం ఇదేనని విన్సెంట్ భావించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ బ్రౌన్ ట్రౌట్ కూడా అక్కడి సొంత చేప కాదు. యూరప్ జాతి, 1889లో మాడిసన్‌లోకి తెచ్చి వదిలారు. మాడిసన్‌కు సొంతమైనవి కట్‌త్రోట్ ట్రౌట్, గ్రేలింగ్ వంటి చేపలు. అయినా తరాలుగా అక్కడే గుడ్లు పెట్టి నిలదొక్కుకున్న చేపకూ, లారీలో వచ్చిన చేపకూ తేడా పెద్దదే.

హేచరీ చేపలు వదలడం ఆపాలన్న మాటకు చేపలు పట్టేవాళ్లు, దుకాణదారులు మండిపడ్డారు. ఆ కోపానికి ఎదురు నిలిచింది ఏటా రాసిన ఆ అంకెలే. 1974లో మోంటానా, ట్రౌట్ తనంత తాను వృద్ధి చెందే నదుల్లో, వాగుల్లో హేచరీ చేపలు వదలడం ఆపేసింది. మాడిసన్‌లో లెక్క మాత్రం ఆపలేదు.