రైలు వెళ్లిపోయింది, మనుషులు మిగిలారు

నా పేరు చెప్పగానే "మీ పూర్వీకులు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడుగుతారు. మా దాదా, ఆయన దాదా ఈ మట్టిలోనే కలిసిపోయారంటే నమ్మరు. రుజువు కావాలంటారు. పుట్టిన ఊళ్లోనే పరాయివాడిగా నిలబడటమంటే ఏమిటో తెలిసినవాణ్ణి కనుకే, 1897లో జెరూసలేంలో తీసిన ఒక ఫిలిం నన్ను కదిలించింది. దాని నిడివి యాభై సెకన్లు.

ఫ్రాన్సులోని లూమియేర్ సంస్థ తన కెమెరామన్లను దేశదేశాలకు పంపింది. దూరపు ఊళ్లను తెరమీద చూపి టికెట్లమ్మడం దాని వ్యాపారం. ఆ పనిమీద జెరూసలేం వచ్చిన అలెగ్జాండర్ ప్రోమియో, స్టేషన్ విడిచి వెళ్తున్న రైలు మీద కెమెరా పెట్టాడు. 1892లో మొదలైన ఆ రైలుమార్గం వేసిందీ ఫ్రెంచి కంపెనీయే. రైలు కదులుతుంది. ప్లాట్‌ఫారం మీది మనుషులు ఒక్కొక్కరే దూరమైపోతుంటారు. దొరల టోపీలు, తలగుడ్డలు, కుచ్చు టోపీలు. కొందరు టోపీ ఎత్తి వీడ్కోలు చెబుతారు. అంతే ఫిలిం.

అదే 1897 ఆగస్టులో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో మొదటి యూదు జాతీయవాద మహాసభ జరిగింది. పాలస్తీనా మనుషుల్లేని నేల అన్న మాట అప్పటికే యూరప్‌లో ఉంది. ఆ మాటకు ఈ ఫిలిమే జవాబు. నేల ఖాళీగా లేదు. మనుషులున్నారు, కెమెరా కళ్లలోకి సూటిగా చూస్తున్నారు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మొదటిసారి చూసినప్పుడు కుచ్చు టోపీలన్నీ లెక్కపెట్టి "వీళ్లంతా మనవాళ్లే" అనుకున్నాను. కానీ ఉస్మానీ సుల్తానుల కాలంలో ఆ టోపీని ముస్లింలే కాదు, క్రైస్తవులూ యూదులూ పెట్టుకున్నారు. హైదరాబాద్ సంస్థానంలో హిందూ ఉద్యోగులు షేర్వానీ మీద రూమీ టోపీ పెట్టుకోలేదా? టోపీ చూసి మతం తేల్చడం ఎవరి అలవాటో మనకు తెలుసు. ఆ చూపుకు గాయపడిన నేనే ఆ చూపుతో చూశాను. ఆ ప్లాట్‌ఫారం గొప్పదనం మనవాళ్లు ఉండటంలో లేదు, అందరూ కలిసి ఉండటంలో ఉంది.

అలాగని ఈ ఫిలింని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అది యాత్రికుడి చూపు. అందులో ఎవరికీ పేరు లేదు. ఆ మనిషి ఇల్లేది, పనేది, ఎవరి కొడుకు అన్న ప్రశ్న లేదు. ప్రోమియోకు వాళ్లు దృశ్యం మాత్రమే. 1948లో ఆ చుట్టుపక్కల బకా, కతమోన్, తాల్బియా పేటల్లోని పాలస్తీనా కుటుంబాలు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. మళ్లీ రానివ్వలేదు. ఆ స్టేషన్లో రైళ్లు 1998లో ఆగిపోయాయి. 2013 నుంచి అది దుకాణాలూ హోటళ్లూ ఉన్న వినోద కేంద్రం. అక్కడ కాఫీ తాగేవాళ్లలో ఎందరికి ఆ ప్లాట్‌ఫారం మనుషులు గుర్తొస్తారు?

తాళంచెవులు దాచుకున్న ముసలమ్మ చెబితే జ్ఞాపకమంటారు. దొర కెమెరా చూపితే చరిత్రంటారు. నా పేచీ ఈ తేడాతోనే. ఫిలిం దాచుకుందాం, చూద్దాం. కానీ ముసలమ్మ మాట తర్వాతే దాన్ని చూద్దాం. కెమెరా రైలుతోపాటే వెళ్లిపోయింది. ఊరి సంగతి చెప్పాల్సింది ప్లాట్‌ఫారం మీద మిగిలినవాళ్లే.