చుక్కల మీదుగా వెళ్లిన గీత

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. పీహెచ్‌డీలో తను రాసిన ప్రోగ్రాము ఆర్గాన్ గొట్టంలో కరెంటు పారడం మొదలయ్యే బ్రేక్‌డౌన్ వోల్టేజికి గీసిన గీత, కొలిచిన చుక్కల మీదుగా ఒక్కటీ తప్పకుండా వెళ్తోంది.

"ఎలా ఉంది పెదనాన్నా?"

"బాగుందమ్మా. గామా ఎక్కడిది?"

"చుక్కలకు సరిపోయేలా పెట్టుకున్నాం."

మనసు చివుక్కుమంది. జవాబు చూసి లెక్క చేయకూడదని ఈ శీర్షికలో వారాల తరబడి రాసినవాణ్ణి నేను.

ఒక అయాన్ కాథోడ్‌ను తాకితే సగటున ఎన్ని ఎలక్ట్రాన్లు బయటికొస్తాయో చెప్పేది గామా. ప్లాస్మా ప్రోగ్రాముల్ని ఒకదానితో ఒకటి సరిచూడడానికి 2013లో టర్నర్, ఆయన సహచరులు ఒకే హీలియం డిశ్చార్జిని ఐదు ప్రోగ్రాములతో, నాలుగు పీడనాల దగ్గర లెక్కగట్టించారు. ఐదింటి జవాబులూ కలిశాయి. నాకెంతో ఇష్టమైన పని అది. అయితే అందులో ఎలక్ట్రోడ్లు తాకిన కణాలన్నిటినీ మింగేస్తాయనుకున్నారు, గామా ఊసే లేదు. ప్రోగ్రాములు సమీకరణాల్ని సరిగ్గా సాధిస్తున్నాయని తేలింది. అసలు గొట్టం సంగతి వేరు.

ఎమ్మెస్సీలో ఇలాంటి గొట్టంతోనే నాకు సోమవారం వచ్చిన వోల్టేజి రీడింగు బుధవారం రాలేదు. అదే గ్యాసు, అదే పీడనం, అదే ఎడం. రెండు రోజులు మీటరును తిట్టుకున్నాను. మాస్టారొచ్చి గొట్టంలోకి తొంగి చూసి, "కాథోడ్ మొన్నటిది కాదయ్యా" అన్నారు. అయాన్ల దెబ్బలకు లోహం మీది ఆక్సైడు, పంపు నూనె జిడ్డు రాలిపోతూ ఉపరితలమే మారిపోయింది. ఆర్గాన్‌లో శుభ్రమైన లోహానికీ మామూలు లోహానికీ గామా వేరని ఫెల్ప్స్, పెట్రోవిచ్ 1999లో పాత కొలతలన్నీ పోగేసి చూపించారు.

అలాంటప్పుడు పట్టికలోంచి తెచ్చిన గామా మా అమ్మాయి కాథోడ్‌ది ఎలా అవుతుంది? చుక్కల నుంచి రాబట్టిందే ఆ లోహానికి దగ్గర. నేను తప్పుపట్టబోయింది ఒక కొలతని.

ఆ కొలతలో మరో ప్రమాదం ఉంది. బ్రేక్‌డౌన్‌కు కావలసిన, గ్యాసులో ఎలక్ట్రాన్లు ఎన్ని రెట్లు పెరుగుతాయో చెప్పే e ఘాతాంకం 4.6 అయితే గామా 0.01, అయనీకరణ లెక్క తప్పి అది 4.0గా వస్తే గామా దాదాపు 0.019. గీత మాత్రం చక్కగా కలుస్తుంది, తప్పంతా గామా కడుపులో దాక్కుంటుంది.

వచ్చే నెల గొట్టం పొడవునా వెలుతురు కొలుస్తారట. "గామా ముట్టుకోకుండా, కొలవకముందే గీత గీసి పంపమ్మా" అన్నాను. శుక్రవారం వచ్చింది. చుక్కలు లేని గీత, పక్కన తారీఖు వేసి.