పేరుగల బొంత, పేరులేని గుర్తు

మా షోలాపూరులోని తెలుగు గృహములలో పాతచీరలు మడతలుగా పేర్చి కుట్టిన బొంతపైననే పసిబిడ్డను పరుండబెట్టుట చదువరులెరుగుదురు. అట్టి బొంత మృతులకు స్మారకము కాగలదని నేనెన్నడును తలపలేదు. 2022 జూన్ మాసమున కుమారుని యింటికి అమెరికా వెళ్లియున్నపుడు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి గోల్డెన్ గేట్ ఉద్యానమున దానిని కన్నులార చూచితిని.

ఎయిడ్స్ వ్యాధికి బలియైనవారి స్మృత్యర్థము, క్లీవ్ జోన్స్ అను నతని తలంపుతో 1987లో కుట్టనారంభించిన బొంత యిది. సాధారణముగా ఒక్కొక్కరికి ఒక్కొక్క గుడ్డ. వెడల్పు 3 అడుగులు, పొడవు 6 అడుగులు, అనగా ఒక సమాధి కొలత. అట్టివి నేడు సుమారు 50,000 కలవు. ఆనాడు పచ్చికపై పరచినవి దాదాపు 3,000.

ఇందు పిల్లల గుడ్డలను గూర్చియే నా విమర్శ. పిల్లవానికిని పెద్దవానికిని కొలత యొక్కటే. పెద్దవాని గుడ్డను ఊరు, ఉద్యోగము, స్నేహితుల సంతకములు నింపును. ఏడాది నిండని బిడ్డకు కుట్టుటకేమున్నది? ఒక పేరు, రెండు తేదీలు, ఒక బొమ్మ, తొడిగి విడిచిన చొక్కా. తక్కినది వట్టి గుడ్డ. ఇతర రచనలలో ఇట్టి ఖాళీని లోపమందుము. ఇచట అదియే అర్థము; ఆ బిడ్డ బ్రదుకవలసిన కాలమంత.

అయినను ఒక కొరత చెప్పక తప్పదు. కుట్టువారున్న బిడ్డకే గుడ్డ దక్కినది. పసివారిలో పలువురకు వ్యాధి తల్లివలననే సోకినది. ఆ తల్లియు పోయినచో సూది పట్టువారెవరు? న్యూయార్కు నగరపు హార్ట్ ద్వీపమున, 1985లో, అంటునను భయముచే ఈ వ్యాధిమృతులను దక్షిణపు కొనను దూరముగా పాతిపెట్టిరి. ఆ నగరమున దీనిచే మొదట మరణించిన బిడ్డకు వేరుగా ఒక్క గొయ్యి. దానిపై సిమెంటు గుర్తును ఛాయాచిత్రమున చూచితిని: 'ఎస్.సి. బి1 1985'. మొదటి రెండక్షరములకు 'విశేష శిశువు' అని యర్థము. ముప్పదియైదేండ్లు కచేరిలో దస్త్రములు వ్రాసిన నాకు ఆ అంకె తెలియును. అది స్మరించుటకు వ్రాసినది కాదు, వెదకుటకు వ్రాసినది.

కాని ఆ వ్రాసినవానిని నిందించుటకు నాకధికారము లేదు. 2001లో మా పేటలో ఈ వ్యాధిచే ఒక బాలుడు పోయెను. ఆ యేటి సంతాపపట్టిక వ్రాసినది నేనే. మాట వచ్చునని పెద్దలనగా పేరు విడిచితిని. తల్లి నన్నేమియు అడుగలేదు. పట్టిక రెండుమార్లు చదివి, మడిచి యింటికి తీసికొనిపోయినది.

గర్భిణికిని బిడ్డకును మందిచ్చినచో వ్యాధి సోకుట మూడింట రెండువంతులు తగ్గునని 1994లోనే తేలినది. నేడు అంతకు మేలైన మందులున్నవి. పరీక్షకు వచ్చిన తల్లికే ఆ మందు అందును. మృతుని పేరు దాచుచోట తల్లి పరీక్షకు వెరచును. కనుక పేరు వ్రాయుట చనిపోయినవారి కొరకు మాత్రమే కాదు.

ఆ తల్లి సమ్మతించినచో, వచ్చు సంచికలోని పట్టికలో ఒక పేరు చేర్చవలెనని కార్యవర్గమునకు నా మనవి. అడుగుటకు నేనే వెళ్లెదను.