ద్రీనానదిపై వంతెన

ఒక మనుష్యుని కథ చెప్పు నవలలు పెక్కులు. ఒక కుటుంబము కథ చెప్పునవి కొన్ని. ఒక యూరి కథ చెప్పునవి మిక్కిలి యరుదు. ఈవో ఆండ్రిచ్ రచించి 1945వ సంవత్సరమున ప్రకటించిన ‘ద్రీనానదిపై వంతెన’ యీ మూడవ తెగకు జెందినది. 1961లో గ్రంథకర్తకు నోబెల్ బహుమానము లభించిన పిమ్మట దీనికి దేశదేశములందును పాఠకు లేర్పడిరి. ఇట్టి గ్రంథమును మెచ్చుకొనుట సులభము. దీనిని చదివినవారు మనస్సున నేమి నిలుపుకొనవలెనో విచారించుట యంతకంటె నవసరమని మా తలంపు. ఏలయన, ఆ యూరిలో నీ గ్రంథకర్త పేర శిలలు నిలిపినవారును గలరు, ఆ పేరు గల శిలను పగులగొట్టినవారును గలరు.

ఆ యూరు విషెగ్రాడ్. ఐరోపాఖండమున బాల్కను ప్రాంతమందు, బోస్నియా దేశపు తూర్పుకొసను, సెర్బియా సరిహద్దునకు జేరువగా నున్నది. తారా, పీవా యను రెండు కొండయేళ్లు గలిసి ద్రీనానది యగుచున్నది. అది యుత్తరముగా సుమారు 346 కిలోమీటర్లు పారి సావానదిలో గలియును. దాని దారి చాలవరకు నిటారైన కొండలనడుమ నిరుకు లోయలగుండ నున్నది. అచ్చటచ్చట మాత్రమే కొండలు వెనుకకు దొలగి, కొంచెము పొలమునకు, కొన్ని యిండ్లకు చోటిచ్చును. అట్టి యొకచోట ర్జావ్ అను చిన్న యేరు వచ్చి ద్రీనాలో గలియుచున్నది. ఆ సంగమమువద్దనే యూరు వెలసినది. వంతెన లేని కాలమున నీ రేవు దాటనిదే తూర్పునుండి పడమరకు పోవుటకు దారి లేదు. ఊరి బ్రతుకంతయు నాకుపచ్చని యా నీటితో ముడిపడియున్నది.

బోస్నియా 1463 మొదలు 1878 వరకు తురుష్క సుల్తానుల యేలుబడిలో నుండెను. క్రైస్తవ గ్రామములనుండి బాలురను పన్నుగా గైకొని, ఇస్లాము మతమున జేర్చి, సర్కారు కొలువునకు తీర్చిదిద్దుట యా ప్రభుత్వమున నొక యాచారము. విషెగ్రాడునకు సమీపమునందలి యొక పల్లెనుండి యట్లు తల్లికి దూరమైన బాలుడొకడు క్రమముగా నెదిగి, మెహమ్మద్ పాషా సొకొలోవిచ్ అను పేర 1565 మొదలు 1579లో హత్య గావింపబడువరకు మహామంత్రిగా నుండెను. ఆయన యాజ్ఞచొప్పున, ఆస్థానశిల్పి సినాన్ నిర్మించినదే యీ వంతెన. పదునొకండు రాతికమానులతో, 179 మీటర్లకు పైగా పొడవు గలిగి, అది నేటికిని నిలిచియున్నది.

గ్రంథకర్త పుట్టినది 1892లో త్రావ్నిక్ ప్రాంతమున. తండ్రి చనిపోగా మేనత్త యింట విషెగ్రాడులో పెరిగెను. రెండవ మహాయుద్ధకాలమున జర్మనుల యాక్రమణలో నున్న బెల్‌గ్రేడున గూర్చుండి, మూడువందల యేండ్లకు పైబడిన యూరి చరిత్రను వంతెనచుట్టు నల్లెను. ఇందులో నాయకుడు లేడు, నాయిక లేదు. తరములు వచ్చును, పోవును. వంతెన మాత్ర ముండును.

వంతెన పుట్టుకను వర్ణించు ప్రకరణములను మేము ముందుగా బ్రశంసింతుము. ఇది ధర్మకార్యమని పొగడి యూరకుండలేదు. వెట్టిచాకిరికి దోలబడిన రైతుల యాకలి, చలి, కొరడాదెబ్బలు, పని చెరుపజూచిన రాదిసావ్ అను రైతును కొరత వేయుట, ఇవన్నియు గన్నులకు గట్టినట్లు చెప్పెను. వంతెన నిలుచుటకై కవలపిల్లలను గోడలో నుంచి కట్టిరనియు, తల్లి పాలిచ్చుటకు రంధ్రములు విడిచిరనియు నూరివారు చెప్పుకొను గాథయు నిందు గలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘ముసలమ్మ మరణము’ చదివిన మనకు చెరువుకట్టకు బలియైన స్త్రీ క్రొత్తది కాదు. గొప్ప కట్టడమునకు దుర్బలులే మూల్యము చెల్లింతురని యెల్లదేశముల ప్రజలు నెరుగుదురు గాబోలు.

నిత్యజీవితమును చిత్రించుటలో నీ రచయితకు సాటి యరుదు. వంతెన నడుమ రెండు ప్రక్కల వెడల్పు చేయబడిన చోటును ‘కాపియా’ యందురు. అచ్చట రాతియరుగు గలదు. కాఫీ కాచువాడు, పండ్లమ్మువాడు, చుట్ట కాల్చుకొను వృద్ధులు, వాదములాడు విద్యార్థులు, అందరి కది రచ్చబండ. కాని యీ రచ్చబండపై స్త్రీ కెన్నడు చోటు దొరకెను? 1878లో ఆస్ట్రియావారు వచ్చిన తరువాత నధికారుల యాడువా రచ్చట నిలుచుటయే యూరి కొక వింత. ఇష్టము లేని పెండ్లికి తండ్రి మాట యిచ్చినందున, ఫాతా యను కన్య పెండ్లియూరేగింపు కాపియా చేరగానే నదిలో దుమికి ప్రాణములు విడుచును. ఊరు పాట కట్టినది యామె చక్కదనముపై. ఆమె సమ్మతి యడిగినవా డొక్కడును లేడు. దీనికి బదులుగా లోతికా గలదు. ఆ యూదుస్త్రీ వంతెనదాపున హోటలు నడపుచు, దూరదేశమందలి బంధువుల చదువులకు, పెండ్లిండ్లకు సొమ్ము పంపుచుండును. ఈ యిద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చదువుడని మా గృహిణులను గోరుచున్నాము.

ఇక మా యభ్యంతరము. వంతెన నిలుచును, మనుష్యులు గతింతు రనునది యీ గ్రంథమున పదేపదే వినవచ్చు నోదార్పు. దుఃఖము లెన్ని వచ్చినను తెల్లనిరాయి చెక్కు చెదరదట! కడపట 1914 యుద్ధమున వంతెనలో కొంత ప్రేలుడుమందుకు గూలును. అది చూచి వృద్ధుడైన అలీహోజా గుండె పగిలి మరణించును. రాతి పతనమే లోకపతన మైనట్లు గ్రంథము ముగియుచున్నది. ఇది సత్యమా? కూలిన కమానులను తరువాత మరల గట్టిరి. రెండవ యుద్ధమున దెబ్బతినగా మరల బాగుచేసిరి. 2007లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ సంపదలలో జేర్చెను. రాయి నిలిచినది. ఊరు నిలిచినదా?

1991 జనాభాలెక్కలలో విషెగ్రాడు మండలమున 21,000 మందికి పైగా నుండిరి. వారిలో నూటికి అరువదిమందికి మించి ముస్లిములు. 1992 వసంతమున యుద్ధము రాగానే సెర్బు సాయుధ దళములు వారిని వేటాడినవి. అనేకులను చంపి నదిలో ద్రోసిరి. ఆ వంతెనయే వధ్యస్థల మయ్యెను. జూను నెలలో రెండు ఇండ్లలో స్త్రీలను, పిల్లలను, వృద్ధులను బంధించి నిప్పంటించిరని హేగ్ నగరమందలి యంతర్జాతీయ న్యాయస్థానము 2009లో నిర్ణయించి నేరస్థులను శిక్షించినది. 2010లో దిగువనున్న పెరూచాత్స్ జలాశయమున నీరు దీయగా నానాటి మృతుల యెముక లగుపడెను. 2013 లెక్కలలో మండలపు జనసంఖ్య యించుమించు సగమైనది. ముస్లిములు నూటికి పదిమంది ప్రాంతమున మిగిలిరి. వంతెన మాత్రము చెక్కు చెదరలేదు!

కాబట్టి రాతియోదార్పును మేము స్వీకరింపజాలము. అందులకు సాక్ష్య మా గ్రంథముననే కలదు. మహామంత్రి వంతెనతోపాటు బాటసారులకొక రాతిసత్రమును గట్టించి, దాని పోషణకు హంగేరీ దేశమునుండి యాదాయ మేర్పరచెను. ఆ దేశము సుల్తానుల చేయి జారగా నాదాయ మాగినది. దావూద్ హోజా యను ధర్మకర్త తన సొంత సొమ్ము వెచ్చించి, తానే నిచ్చెన యెక్కి మరమ్మతులు చేయుచు, తుద కా పనిలోనే ప్రాణము విడిచెను. పిమ్మట పట్టించుకొనువారు లేక సత్రము పాడుపడెను. వరదప్రకరణము చూడుడు. ద్రీనా పొంగి యిండ్లను ముంచిన రాత్రి ముస్లిము పెద్దయు, క్రైస్తవ పురోహితుడును, యూదుల గురువును నొక్కచోట జేరి, పూర్వపు వరదల కథలు చెప్పుకొనుచు బెదరినవారికి ధైర్యము గొల్పుదురు. సత్రమువలెనే పొరుగుతనమునకును నిత్యము మరమ్మతు కావలెను. వరదనాటి కలయిక తెల్లవారగానే మరవబడిన, దానిని కమాను లేవియు గాపాడవు.

ఈ నవలలో ముస్లిములకు నింద గలదని కొందరు బోస్నియను విమర్శకు లందురు. కొరత వేసిన కథను చరిత్రగా బట్టుకొని పగ పెంచుకొన్నవా రింకొక వైపున గలరు. 1991లో నూరనున్న గ్రంథకర్త స్మారకశిల్పమును పగులగొట్టిరి. 2014లో చలనచిత్రదర్శకుడు ఎమీర్ కుస్తురిత్సా రెండు నదుల సంగమమున గ్రంథకర్త పేర రాతిపట్టణమును దెరిపించెను. ఇరుదెఱగులవారును నవలను సాక్ష్యపత్రముగా జదివిరి. కల్పన సాక్ష్యపత్రము గాదు. నాలుగువందల యేండ్లనాటి క్రౌర్యమునకు నేటి పొరుగింటివాడు బాధ్యుడు గాడు.

ఈ గ్రంథమును తప్పక చదువవలెను. పిల్లలచేత జదివించునపుడు కట్టినవాని పేరొక్కటే చెప్పి విడువరాదు. వెట్టి చేసినవానిని, దుమికిన కన్యను, నిచ్చెన యెక్కిన ధర్మకర్తను జూపవలెను. వంతెన కట్టించుట కొక మంత్రి చాలును. దానిపై నిరుదరులవారు నిర్భయముగా నడచుటకు ప్రతియింటను ప్రతిదినమును గొంత పని కలదు.