మొదటి సున్న

సీతాఫల్‌మండి స్టేషనులో ఆగక పోవు రైలు వేగము ఒక్క ఛాయాచిత్రమునుబట్టి తేలదు. రెండు క్షణములలో అది ఎక్కడెక్కడ ఉన్నదో తెలియవలెను. కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ప్రాసెసరును ఎంత వాడుచున్నదను లెక్కయు అట్టిదే. ఇట్టి లెక్కలకై పైథాన్ భాషలో పీఎస్‌యుటిల్ అను ఉపకరణ సంపుటి ఉన్నది. లినక్సు, విండోసు ఈ సమాచారమును వేర్వేరు రీతుల నిచ్చినను, ఇది ఒకే పేరుతో అందించును, మెచ్చదగిన సౌకర్యమే. కాని అందలి సీపీయూ పర్సెంట్ అను ప్రమేయమును, వ్యవధి చెప్పక, మొదటిసారి పిలిచినచో 0.0 అని జవాబిచ్చును. పోల్చుటకు వెనుకటి కొలత లేదు గదా! ఆ అంకెకు అర్థము లేదనియు, కనీసము 0.1 సెకను ఆగి మరల పిలువవలెననియు దాని వివరణ పత్రమే చెప్పుచున్నది. హెచ్చరిక పత్రములో, అంకె తెరమీద! ప్రయోగశాలలో విద్యార్థి చూచునది తెరనే. యంత్రమును ఉక్కిరిబిక్కిరి చేయుచున్న ప్రోగ్రామును గూడ అతడు నిర్దోషియని వ్రాసికొనును. కొలత ఇంకను లేదని తెలుపుటకు పైథానులో 'నన్' అను విలువ ఉండనే ఉన్నది.